అవ్వాతాతల కొలువు

లింగంపల్లి దాటిందంటే రైల్లో గాలి మారుతుంది. శంకర్‌పల్లి తర్వాత అపార్ట్‌మెంట్లు పలచబడి మామిడితోటలు, ఫామ్‌హౌస్‌ల ప్రహరీలు, మధ్యమధ్య కందిచేలు మొదలవుతాయి. వికారాబాద్ జంక్షన్‌లో దిగి కొద్ది కిలోమీటర్లు పైకి వెళ్తే అనంతగిరి. ఆదివారమైతే చెప్పనే అక్కర్లేదు... బైకులు, కార్లు, సెల్ఫీలు, కాల్చిన మక్కకంకులు. కోటిపల్లి ప్రాజెక్టులో పడవ షికారు, అనంత పద్మనాభస్వామి దర్శనం. మూసీ పుట్టేది ఇక్కడేనని పిల్లలకు చూపించి, చీకటి పడకముందే అందరూ దిగిపోతారు.

ఒకప్పుడు ఈ కొండెక్కినవాళ్లు అంత తొందరగా దిగేవాళ్లు కాదు. నెలలు పట్టేది. కొందరికి ఏళ్లు పట్టేది. ఇంకొందరు దిగనేలేదు.

నిజాం జమానా చివరి రోజుల్లో, 1940ల్లో, ఇక్కడ క్షయ శానిటోరియం వెలిసింది. అడవి మధ్య, చెట్ల నీడన, గాలి ధారాళంగా వచ్చే చోటు చూసి కట్టారు. టీబీకి సరైన మందులేని కాలమది. పరుపు, గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి... ఇదే వైద్యం. తెలుగునేల మీద ఈ పద్ధతికి పెద్దపేరు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానిది. అక్కడి శానిటోరియం 1915లోనే మొదలైంది. ఇలాంటి చోట్ల డాక్టరు రోజుకోసారి వచ్చి చూసి వెళ్తాడు. మిగతా ఇరవై మూడు గంటలూ రోగిని కనిపెట్టుకుని ఉండేది వార్డు సిస్టరు, వంటమనిషి, చాకలి, వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపించే సూపరింటెండెంటు. ఎవరికి అన్నం సహించడం లేదు, ఎవరికి ఇంటి నుంచి ఉత్తరం రాలేదు, ఎవరు రాత్రిళ్లు ఏడుస్తున్నారు... ఇవన్నీ వాళ్లకే తెలియాలి.

ఆ మంచాలు పలచబడటానికి కారణం మద్రాసులో జరిగిన ఒక ప్రయోగం. 1956లో అక్కడ మొదలైన టీబీ కెమోథెరపీ కేంద్రం రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టును శానిటోరియంలో ఉంచి మందులిచ్చారు. రెండో జట్టుకు అవే మందులిచ్చి ఇళ్లకు పంపారు. చాలామందివి ఇరుకిళ్లు, అరకొర తిండి. ఏడాది తిరిగాక చూస్తే రెండు జట్ల ఫలితాలూ దాదాపు ఒకటే! 1959లో ఈ సంగతి అచ్చయ్యాక ప్రపంచం మొత్తం శానిటోరియాల గురించి మళ్లీ ఆలోచించింది. మాత్ర ఇంట్లోనే వేసుకోవచ్చు, కొండెక్కక్కర్లేదు.

అయితే ఆ లెక్కలో ఎవరూ ప్రత్యేకంగా రాసుకోని అంకె ఒకటుంది. ఇంట్లో మనిషి ఉండటం. మందు టైముకి గుర్తుచేసే భార్యో, గంజి కాచే తల్లో, ఆస్పత్రికి తోడొచ్చే తమ్ముడో ఉన్నాడు కాబట్టే ఇల్లు ఆస్పత్రికి సాటి వచ్చింది. అరవయ్యేళ్లు దాటాక ఇప్పుడు అదే జిల్లాలో కథ తిరగబడింది. రోగాలకు మందులున్నాయి. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలా వచ్చింది. ఆపదొస్తే పిలవడానికి 108 ఉంది. ఇంట్లో మనిషే లేడు!

తాళాలు... అవ్వలు

కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట వైపు తండాల్లోకి వెళ్తే ఈ మాట అర్థమవుతుంది. పంట చేతికొచ్చాక పడుచువాళ్లు ముంబై, పుణె బస్సెక్కడం ఇక్కడ ఏనాటి నుంచో ఉన్నదే. వికారాబాద్ చుట్టుపక్కల వాళ్లకైతే హైదరాబాదే దగ్గర. పొద్దున తాండూరు నుంచి వచ్చే రైళ్లలో కాలు పెట్టే సందుండదు. కొందరు రోజూ తిరిగొస్తారు. కొందరు వారానికి, ఇంకొందరు పండక్కి. ఊళ్లో మిగిలేది అరుగు మీద అవ్వ, వేపచెట్టు కింద తాత. ఒంట్లో సత్తువున్నంతకాలం పర్వాలేదు. రోకలిబండలా ఉన్న మనిషి కూడా ఒకరోజు స్నానాల గదిలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, అక్కడి నుంచి ఎవరు చూడాలి అన్న ప్రశ్న మొదలవుతుంది.

దీనికి తోడు భూమి. చేవెళ్ల దాటి మన్నెగూడ మీదుగా వచ్చే దారి పొడవునా ప్లాట్ల బోర్డులే. ఎకరం ధర పెరిగిన కొద్దీ ముసలివాళ్ల వేలిముద్రకు విలువ పెరిగింది. సంతకం అయ్యేదాకా ఉన్న మర్యాద తర్వాత ఉండటం లేదన్నది ఊరూరా వినిపించే మాట. (అన్నట్టు, ఇదే దారిలోని పాత మర్రిచెట్లను రోడ్డు విస్తరణ నుంచి కాపాడాలని జనం ఏళ్ల తరబడి కోర్టు దాకా వెళ్లి పోరాడారు. ముసలి చెట్లకున్నంత మంది వకీళ్లు ముసలి మనుషులకూ ఉంటే బాగుండు.)

చట్టం లేదని కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. వికారాబాద్‌లో, తాండూరులో రెండుచోట్లా ఆర్డీవో కార్యాలయాలున్నాయి. 'నన్ను చూసుకోవాలి' అన్న షరతుతో ఆస్తి రాసిచ్చి, ఆ షరతు తప్పితే 23వ సెక్షన్ కింద ఆ రాతకోతను రద్దు చేయించుకోవచ్చు. అలాంటి కేసుల్లో ఆస్తిని తిరిగి పెద్దల స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరి 2న సుప్రీంకోర్టు చెప్పింది. అదే చట్టంలో 19వ సెక్షన్ ఒకటుంది. ప్రతి జిల్లాలో కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడా ఆశ్రమాలు దశలవారీగా నెలకొల్పే సంగతి అందులో రాసి ఉంది. కాకపోతే ఇంగ్లిషు ప్రతిలో ఆ వాక్యం 'నెలకొల్పాలి' అని లేదు, 'నెలకొల్పవచ్చు' అని ఉంది. ఆ ఒక్క మాట సందులోనే దేశమంతటా చాలా జిల్లాలు జారిపోయాయి. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్లకు పైన. ఆ సందు ఇంకెన్నాళ్లు పనికొస్తుందో మరి!

ఈలోగా ఆ ఖాళీని పూడ్చేది చర్చిలు, ట్రస్టులు, స్వచ్ఛంద సంస్థలు, నెలకింత అని తీసుకునే ప్రైవేటు హోములు. మనవైపు 'నర్సింగ్ హోమ్' బోర్డు చూస్తే కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ఆస్పత్రి అనుకుంటాం. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అదే మాట వింటే మంచానపడిన పెద్దలుండే చోటు గుర్తొస్తుంది. మన వృద్ధాశ్రమాలు పేరుకు ఆశ్రమాలే గానీ పనిలో నెమ్మదిగా ఆ రెండో అర్థం వైపు జరుగుతున్నాయి. నడవగలిగిన మనిషిగా చేరినవాళ్లు అయిదేళ్లకు నడవలేరు కదా. వాళ్లను మోసుకుంటూ ఆశ్రమం కూడా మారాల్సిందే. ఆ మార్పును భుజాన వేసుకునేవాడే మేనేజరు.

తెల్లవారుజామున నాలుగు

అనంతగిరి నీడలోనైనా, తాండూరు బండల మధ్యనైనా, ఆశ్రమం నడిపే మేనేజరుకు రోజు నాలుగింటికే మొదలవుతుంది. పెద్దవాళ్లు అప్పటికే లేస్తారు. చీకట్లో బాత్రూమ్‌కు వెళ్తూ పడిపోవడం ఎక్కువగా జరిగేది అప్పుడే. అందుకే అనుభవమున్నవాళ్లు గోడకు పటాలకన్నా ముందు పట్టుకునే కమ్మీలు బిగిస్తారు. రాత్రంతా వెలిగే చిన్న బల్బు, తడి ఆరే నేల, పాశ్చాత్య పద్ధతి కమోడ్... ఈ మూడూ ఉంటే సగం ఎముకలు మిగులుతాయి. తమాషా ఏమిటంటే, తాండూరు బండ మీదే ఈ ప్రాంతపు ఇళ్లన్నీ నిలబడ్డాయి. పాలిష్ పెట్టిన బండ చూడ్డానికి అద్దంలా ఉంటుంది, తడిస్తే నూనె పోసినట్టే. ఊరికి అన్నం పెట్టే రాయిని ఆశ్రమం బాత్రూముల్లో మాత్రం గరుకుగానే వదిలేయాలి.

తర్వాత మంచానపడ్డవాళ్ల వంతు. రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే వీపున, తుంటి మీద పుండ్లు పడతాయి. ఒకసారి పడితే మానడానికి నెలలు. ఎన్నింటికి తిప్పారు, ఎటు తిప్పారు, ఎవరు తిప్పారు... గోడకు తగిలించిన కాగితం మీద టిక్కు పడాలి. టిక్కు పెట్టి మనిషిని తిప్పకపోవడం కూడా జరుగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే మేనేజరు కాగితం చూడకూడదు, వీపు చూడాలి. ఈ ఉద్యోగంలో నిజాయితీ అంతా అక్కడే తేలుతుంది.

ఆయాలు దొరకడం ఇంకో కత. డైపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం, తిట్లు పడటం... మతిమరుపు ముదిరిన పెద్దలు సాయానికొచ్చిన చేతినే కొరుకుతారు. జీతం చూస్తే అంతంతే. నాలుగు నెలలు చేసి, పని నేర్చుకోగానే హైదరాబాద్‌లో హోమ్‌కేర్ ఏజెన్సీకి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం. రాత్రి డ్యూటీ మనిషి రాకపోతే ఆ రాత్రికి మేనేజరే ఆయా.

మధ్యలో మందుల డబ్బాలు. బీపీ, షుగరు, థైరాయిడ్, నిద్రమాత్ర... ఒక్కొక్కరికి అయిదారు రకాలు. పేరు రాసిన డబ్బాలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అరలు. చదువురాని ఆయాకు అర్థమయ్యేలా సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ అతికిస్తారు. మాత్ర చేతికిచ్చి వెళ్లిపోతే కుదరదు. మింగేదాకా నిలబడాలి. దిండు కింద దాచుకునేవాళ్లు ప్రతి హోములోనూ ఉంటారు, కొడుకు వచ్చినప్పుడు 'చూడు, వీళ్లు మందులియ్యట్లేదు' అని చూపించడానికి!

రొట్టె తెచ్చిన తంటా

వికారాబాద్ నుంచి రైల్లో ఇంకో నలభై కిలోమీటర్లు వెళ్తే తాండూరు. స్టేషన్ రాకముందే బండల గుట్టలు, పాలిషింగ్ యూనిట్ల తెల్లటి బురద పలకరిస్తాయి. ఇంకాస్త పోతే కర్ణాటక. కాగ్నా నది కూడా అటే పోయి భీమలో కలుస్తుంది. మాటలూ అంతే... తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడం, తండాల్లో లంబాడీ ఒకదాని మీద ఒకటి దొర్లుతుంటాయి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పప్పుతో జొన్నరొట్టె, పక్కన పుంటికూర... ఇక్కడి పెద్దలకు భోజనమంటే అదే.

డాక్టరు రాసిచ్చిన చీటీలో మాత్రం మెత్తటి అన్నం, ఉప్పు తక్కువ, ఇడ్లీ అని ఉంటుంది. డెబ్భై ఏళ్లు రొట్టె తిన్న మనిషి ముందు ఇడ్లీ పెడితే అలుగుతాడు. పళ్లు లేవు, రొట్టె నమలలేడు. నమలలేనని ఒప్పుకోడు. వంటమనిషి తెలివిగలదైతే రొట్టెను వేడివేడిగా ఉన్నప్పుడే తుంచి పప్పులో నానబెట్టి, గరిటెతో మెదిపి పెడుతుంది. కొన్నిచోట్ల జొన్నగటక కాచి మజ్జిగ పోస్తారు. పొలమారకుండా ఉండాలంటే మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చెంచా పెట్టాలి. ఒక్కో మనిషికి అరగంట. పదిమందికి లెక్క వేసుకోండి! హోము మంచిదా కాదా అని తెలుసుకోవాలంటే ఆఫీసు గదిలో కూర్చోకుండా ఈ అరగంటలో వెళ్లి చూడాలి.

భాష వచ్చినా తిప్పలే, రాకున్నా తిప్పలే. మతిమరుపు వచ్చినవాళ్లకు చివరగా నేర్చిన భాష ముందు పోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లు గమనిస్తుంటారు. ముప్పై ఏళ్లు చక్కటి తెలుగు మాట్లాడిన అవ్వ ఒకరోజు నుంచి పుట్టింటి కన్నడంలోకి వెళ్లిపోతుంది. 'నీరు' అంటే మనకు అర్థమవుతుంది. 'హొట్టె నోవు' అంటే కడుపునొప్పి అని తెలిసిన ఆయా ఆ పూట డ్యూటీలో ఉందా లేదా అన్నదే ప్రశ్న. సరిహద్దు ఊళ్లో ఉద్యోగానికి మనుషుల్ని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్‌తోపాటు ఈ సంగతీ అడగాలి.

ఇక పింఛను. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. తీసుకోవాలంటే యంత్రం మీద వేలు పెట్టాలి. జీవితమంతా బండలు తీసిన, బండలు కోసిన చేతుల మీద గీతలెక్కడ మిగులుతాయి? ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, తడిబట్టతో తుడిచి మళ్లీ, రేపు రమ్మని మళ్లీ... 2025లో ముఖం గుర్తించే పద్ధతి మొదలుపెట్టింది ఈ బాధ చూసే. ఆ డబ్బు ఆశ్రమంలో పెద్దగా దేనికీ ఖర్చు కాదు. అయినా తాతకు అది తన చేతికే రావాలి. మనవరాలొస్తే ఇవ్వడానికి రుమాలులో మూట కట్టి ఉంచుకుంటాడు. మనవరాలు రావాలి గదా అని మేనేజరు అనడు. ఆటో మాట్లాడి పోస్టాఫీసుకు తీసుకెళ్తాడు.

'ఇదేం నౌకరీ?'

ఈ పనిలోకి వచ్చేవాళ్లలో ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినవాళ్లుంటారు, జీఎన్‌ఎం చేసిన నర్సులుంటారు, రిటైరైన టీచర్లుంటారు. వేరే ఉద్యోగం దొరకక చేరి ఇరవై ఏళ్లు ఉండిపోయినవాళ్లూ ఉంటారు. పెళ్లిచూపుల్లో పిల్లాడేం చేస్తాడంటే 'వృద్ధాశ్రమం మేనేజరు' అని చెప్పడానికి తల్లిదండ్రులు నసుగుతారు. సేవ అంటారు, పుణ్యం అంటారు. ఉద్యోగమని మాత్రం ఎవరూ అనరు. చిక్కంతా ఇక్కడే ఉంది. పుణ్యం అన్నాక జీతం అడగడం తప్పయిపోతుంది, సెలవడగడం తప్పయిపోతుంది, శిక్షణ సంగతి ఎవరికీ తోచదు. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ డిఫెన్స్ వృద్ధుల సంరక్షణలో కోర్సులు నడుపుతోంది. కేంద్రం 'అటల్ వయో అభ్యుదయ్ యోజన' కింద ఆశ్రమాలకు గ్రాంట్లిస్తోంది. ఆ కాగితాలు నింపడం, ఖర్చుల లెక్కలు చూపడం, తనిఖీకి వచ్చేవాళ్లకు రిజిస్టర్లు తీయడం అదో పూర్తి కాలపు పని. అదీ మేనేజరు నెత్తినే. నిజానికి ఒక చిన్న హోటలు, ఒక చిన్న ఆస్పత్రి, ఒక చిన్న పోలీసు స్టేషను కలిపి నడిపినంత పని ఇది. ఏ హోటలు మేనేజర్నీ 'పుణ్యం చేసుకుంటున్నావు బిడ్డా' అని జీతం ఆపరు.

పోలీసు స్టేషనంటే అతిశయోక్తి కాదు. మంచాల పంచాయితీ, ఫ్యాను పంచాయితీ, టీవీ రిమోటు పంచాయితీ. ఒకరి తువ్వాలు ఒకరు వాడుకున్నారని మూడు రోజులు మాటల్లేకపోవడం. డెబ్భై అయిదేళ్ల తాత గేటు దూకబోవడం... ఊరికి పోతానని. 'నా ఎద్దులకు నీళ్లు పెట్టాలె' అంటాడు. ఎద్దులు అమ్మేసి పదిహేనేళ్లు. వాదిస్తే లాభం లేదు. 'పెట్టొచ్చిండ్రు తాతా, నువ్వు బువ్వ తిను' అనాలి. ఈ అబద్ధం ఏ కోర్సులోనూ నేర్పరు.

సాయంత్రం అయిదు నుంచి ఫోన్ల వేళ. 'బిడ్డా, మావోడు ఫోన్ చేసిండా?' అని రోజూ ఒకే టైముకి ఆఫీసు గుమ్మంలో నిలబడే అవ్వ ఉంటుంది. చేయలేదని చెప్పాలా, చేశాడని చెప్పాలా? రెండు రకాల మేనేజర్లూ ఉన్నారు. మూడో రకం మేనేజరు అదే నిమిషంలో ఆ కొడుకు నెంబరు కలిపి ఫోను అవ్వ చేతిలో పెడతాడు. అవతల ఎత్తితే సరే. ఎత్తకపోతే కూడా అవ్వ ఆ రింగు పూర్తయ్యేదాకా వింటుంది.

రాని కొడుకులందరూ రాక్షసులని రాసేస్తే సులువే. కానీ గేటు దాకా వచ్చి లోపలికి రాలేక మోటారు సైకిలు మీదే కూర్చుని ఏడ్చేవాళ్లను కూడా ఆశ్రమాల వాచ్‌మన్లు చూస్తుంటారు. రెండు గదుల కిరాయి ఇల్లు, ఇద్దరూ పనికి పోవాలి, మంచంలో తల్లి. మద్రాసు ప్రయోగంలో ఇల్లు గెలిచినప్పుడు ఆ ఇంట్లో పగలంతా ఒక ఆడమనిషి ఉండేది. ఇప్పుడామె ఏ కంపెనీ షిఫ్టులోనో ఉంది. ఆమెను ఇంట్లో కూర్చోమనడం పరిష్కారమంటే, ఆ మాట అనేవాళ్లు ముందు తమ ఉద్యోగం మానుకుని చూపించాలి.

ఫారంలో ఆఖరి గడి

ఆశ్రమంలో చేరేటప్పుడు ఒక ఫారం నింపుతారు. పేరు, వయసు, ఆధార్, ఉన్న జబ్బులు, వాడే మందులు, ఇద్దరు దగ్గరివాళ్ల ఫోను నెంబర్లు. కిందికెళ్లాక ఒక గడి ఉంటుంది. కొన్ని ఫారాల్లో అచ్చువేసి ఉంటుంది, కొన్నింట్లో మేనేజరే పెన్సిలుతో గీసుకుంటాడు. పోయాక ఏం చేయాలి? ఎవరికి చెప్పాలి?

చేరిన రోజే అడగడానికి నోరు రాదు. సంచీ ఇంకా విప్పని మనిషిని ఎలా అడుగుతారు? వాయిదా వేస్తే ఒకరోజు అడిగే అవకాశమే ఉండదు. ఈ ప్రాంతంలో ఆ గడికి ఒక్క జవాబుండదు. హిందువుల్లో కాల్చేవాళ్లున్నారు, పూడ్చేవాళ్లున్నారు. లింగాయతులు కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. ముస్లింలకు వీలైనంత త్వరగా కబరస్థాన్‌కు చేర్చాలి. మెథడిస్టు మిషన్ ఏనాడో వచ్చిన వికారాబాద్‌లో పాస్టరుకు కబురు పెట్టాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. రాత్రి రెండింటికి ఒక ఊపిరి ఆగితే, డాక్టరు వచ్చి నిర్ధారించాక, మేనేజరు మొదట తీసేది ఆ ఫారమే.

మొదటి నెంబరుకు ఫోను. ఎత్తకపోతే రెండోది. కొందరు తెల్లారేసరికి వస్తారు. కొందరు 'మీరే కానిచ్చేయండి, డబ్బులు పంపుతాం' అంటారు. కొందరి నెంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది. అప్పుడు పోలీసులకు చెప్పాలి, మున్సిపాలిటీకి చెప్పాలి, మరణ ధ్రువీకరణ పత్రానికి రాయాలి. దహనమైతే కొరివి పెట్టేవాళ్లు కావాలి. వేరెవరూ లేకపోతే ఆ పని కూడా మేనేజరే చేస్తాడు. ఈ వృత్తిలో ఏళ్లు గడిపినవాళ్లకు తమ సొంత తల్లిదండ్రులకన్నా ముందే ఎందరికో కొరివి పెట్టిన అనుభవం ఉంటుంది. ఇంటికొచ్చి స్నానం చేసి, గంట పడుకుని, నాలుగింటికి మళ్లీ లేవాలి.

అందుకే పాత మేనేజర్లు ఆ గడిని చేరిన రోజు నింపరు, నెలలకు నెలలు వదిలేయరు కూడా. వారం పది రోజులు ఆగి, మనిషి కాస్త కుదురుకున్నాక, సాయంత్రం చాయ్ తాగేటప్పుడు పక్కన కూర్చుంటారు. ఊరి గురించి అడుగుతారు. పొలం ఎటువైపు, బావి ఉందా, జాతరెప్పుడు, మీ పెద్దోళ్లను ఎక్కడ పెట్టిండ్రు అని. చాలామంది అక్కడే జవాబు చెప్పేస్తారు. ఫలానా చింతచెట్టు కింద, మా ఆయన పక్కన... అని. కొందరు ఆ ఊరికి తీసుకుపోతావా అని ఎదురడుగుతారు.

తీసుకుపోవాలంటే వ్యాను కిరాయి, డీజిలు, ఆ చింతచెట్టు ఉన్న చెలక ఇప్పుడెవరి పేరు మీద ఉందో వాళ్ల ఒప్పుకోలు. ఇవన్నీ తెలిసీ 'తీసుకుపోతా అవ్వా' అని, పెన్సిలుతో ఆ ఊరి పేరు రాసుకుంటారు.